కంపెనీ గేటు బయట: పటాన్‌చెరు, సంగారెడ్డి వీధులకు ఫోటో చరిత్ర ఉందా?

పటాన్‌చెరు ఫోటోలు కావాలని వెతికితే ముందుగా రెండు రకాలే చేతికి వస్తాయి. ఒకటి రాతి విగ్రహాలు: మ్యూజియం గోడ ముందు నిలబెట్టి తీసిన జైన తీర్థంకరులు. రెండోది కష్టకాలపు చిత్రాలు: వాగులో నురగ, ఫ్యాక్టరీ మీద పొగ, కూలిన కట్టడం ముందు గుమిగూడిన జనం. మొదటివి దాదాపు వెయ్యేళ్ల కిందటి ఊరిని చూపిస్తాయి, రెండోవి ఒక్క రోజును చూపిస్తాయి. ఆ రెంటి మధ్య, యాభై ఏళ్లుగా షిఫ్టు వేళలకు నిండుతూ ఖాళీ అవుతూ వస్తున్న వీధి ఉంది. ఇస్నాపూర్ కిరాయి రూములు, రామచంద్రాపురం క్వార్టర్లు, బొల్లారం కంపెనీ గేట్ల ముందు చాయ్ బండ్లు, పొద్దున్నే చౌరస్తాల్లో నిలబడే కూలీల అడ్డాలు, సంగారెడ్డి పాత బజారులో చెక్క తలుపుల మడిగెలు. వీటి ఫోటోలు ఎవరు తీశారు, ఎక్కడున్నాయి, ఎలా పోతున్నాయి, ఇప్పుడు తీయాల్సినవి ఏవి? ఈ ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి చూడాల్సిన సమయం వచ్చింది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ ప్రాంతంలో ఫోటోలకు కొరత లేదు. తేదీ, చోటు, అందులో ఉన్నవాళ్ల పేర్లు తెలిసిన ఫోటోలకే కొరత. అంతకంటే పెద్ద కొరత మరొకటి ఉంది. ఒకసారి తీసిన చోటికే మళ్లీ వెళ్లి, అదే కోణంలో నిలబడి తీసిన ఫోటో దాదాపు కనిపించదు.

రాతి చరిత్ర నుంచే మొదలుపెడదాం. పదకొండో శతాబ్దంలో పశ్చిమ చాళుక్య రాజు రెండో జయసింహుడి కాలంలో పటాన్‌చెరు పొట్టలకెరె పేరుతో రాజధాని స్థాయిలో వెలిగింది. జైనం, శైవం రెండూ ఇక్కడ బలంగా ఉండేవి. ఇక్కడ దొరికిన జైన శిల్పాలు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంకు చేరాయి. అక్కడ భద్రంగా ఉన్నాయి, సంతోషమే. కానీ మ్యూజియంలో తీసిన ఫోటో విగ్రహాన్నే చూపిస్తుంది. అది ఏ చెరువు కట్ట పక్కన బయటపడింది, ఎవరి పొలంలో నాగలికి తగిలింది, అప్పటిదాకా ఊరివాళ్లు దాన్ని ఏ దేవుడనుకుని పసుపు పూశారు, ఇవేవీ అందులో ఉండవు. ఊరి నుంచి విగ్రహం వెళ్లిపోయాక ఆ చోటు కూడా ఊరి జ్ఞాపకంలోంచి జారిపోతుంది.

కొండాపూర్ సంగతి కొంత మెరుగు. సంగారెడ్డికి దగ్గర్లోని ఈ శాతవాహన పట్టణాన్ని నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ గులాం యజ్దానీ ఆధ్వర్యంలో 1940ల తొలి ఏళ్లలో తవ్వింది. నాణేలు పెద్ద సంఖ్యలో దొరకడంతో ఇది టంకసాల పట్టణమన్న పేరు తెచ్చుకుంది. దొరికిన వస్తువులకు తవ్విన దిబ్బ పక్కనే మ్యూజియం కట్టారు. వస్తువు, చోటు ఒకదానికొకటి దూరం కాలేదు. మన వీధుల ఫోటోలకూ ఇదే పద్ధతి కావాలని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

అంతకు కొన్ని దశాబ్దాల ముందు, హైదరాబాద్ రాజ్యంలో కెమెరా అంటే లాలా దీన్ దయాళ్. ఆరో నిజాం కొలువులో చేరి, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆయన తీసిన పలకలు ప్రపంచ స్థాయి పనితనం. ఆ కెమెరా ముఖ్యంగా దర్బారు వైపు, రాజమహళ్ల వైపు, వేటలు, కవాతుల వైపు తిరిగింది. పడమటి బాటలో ఉన్న చిన్న ఊళ్ల బజార్లు ఆ కొలువు పనిలో భాగం కావు. సంగారెడ్డిలో ఆ పాత కాలానికి మిగిలిన గట్టి సాక్ష్యం 1796 నాటి జైలు. ఖైదీలను కందిలోని కొత్త జైలుకు మార్చాక దాన్ని మ్యూజియం చేశారు. ఐదు వందల రూపాయలు కట్టి ఒక రోజు ఖైదీగా గడపొచ్చన్న ఏర్పాటుతో 2016లో దేశమంతా దాని పేరు మారుమోగింది. ఆ జైలు ఫోటోలు అంతర్జాలంలో కావలసినన్ని ఉన్నాయి. దాని గోడ అవతలి గల్లీలు ఆ ఫోటోల్లో దొరకవు.

ఇక పరిశ్రమల కాలం. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ కర్మాగారం 1960లలో నిలబడింది. అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972లో వచ్చింది. పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970ల మధ్య నుంచి పెరిగింది. 1980లో ఇందిరా గాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాక కంపెనీల రాక ఊపందుకుంది. పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి పేర్లు మందుల పరిశ్రమ నోట నానాయి. 1984లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. ఈ ప్రతి రాకకూ ఫోటోలు ఉన్నాయి: శిలాఫలకం, రిబ్బన్, పూలదండ, వేదిక మీద వరుసగా కుర్చీలు. కెమెరా వేదిక వైపే చూసింది. వేదిక ముందు నేల మీద కూర్చున్నవాళ్లలో భూమి ఇచ్చినవాళ్లెవరో, ఉద్యోగం కోసం వచ్చినవాళ్లెవరో చెప్పే ఫోటో అరుదు.

ఇక్రిశాట్ పొలాల కోసం మన్మూల్, కాచిరెడ్డిపల్లి ఊళ్లను ఖాళీ చేయించి వేరే చోటికి తరలించారు. ఊరు లేచిపోయే ముందు దాని ప్రతి ఇంటినీ ఒక ఫోటో తీసి, ఇంటి పెద్ద పేరు రాసి పెట్టి ఉంటే ఈరోజు మనవళ్లకు తాతల వాకిలి చూపించే వీలుండేది. ఇందులో ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. అదే ఇక్రిశాట్ 1975లో గ్రామస్థాయి అధ్యయనాలు ప్రారంభించింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఆరేపల్లె, దోకూరు, మహారాష్ట్రలో మరికొన్ని ఊళ్లు ఎంచుకుని, అవే కుటుంబాల దగ్గరికి ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వెళ్లి పంట, కూలి, అప్పు, తిండి లెక్కలు రాశారు. పల్లె ఆర్థిక జీవితం గురించి ప్రపంచంలో ఎక్కువమంది వాడుకున్న లెక్కల్లో అవి ఉన్నాయి. ఒకే గడపకు తిరిగి వెళ్లడమనే ఆ పద్ధతిని నడిపిన సంస్థ ఉన్నది పటాన్‌చెరులోనే. దాన్ని కెమెరాతో మన వీధుల్లో ఎందుకు చేయకూడదన్న ఆలోచన నాకు అక్కడి నుంచే వచ్చింది.

కాలుష్యం ఈ ప్రాంతాన్ని దేశానికి పరిచయం చేసింది. 1990లో సుప్రీంకోర్టుకు చేరిన వ్యాజ్యం దశాబ్దాలు నడిచింది. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ ఆ పోరాటాన్ని భుజాన మోసిన డాక్టర్ అల్లాని కిషన్ రావు పేరు ఇక్కడ తెలియనివారు తక్కువ. ఇస్కవాగు, నక్కవాగు, వాటి నుంచి మంజీర, ఈ నీటి దారంతా ఎరుపు, గోధుమ, నలుపు రంగుల్లో ఫోటోలకెక్కింది. ఆ ఫోటోలు చాలా మేలు చేశాయి. రైతు చెబితే వినని చెవులు రంగు నీళ్ల ఫోటో చూసి కదిలాయి. అయినా ఫోటోకు ఒక హద్దు ఉందని ఈ ప్రాంతమే నేర్పింది. 2007లో స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం ఇక్కడి కంపెనీల వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షిస్తే సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకూ కనిపించింది. మనిషి ఆ మందు వేసుకున్నప్పుడు రక్తంలో ఉండే మోతాదును మించిన స్థాయి అది. దానికి రంగు లేదు, నురగ లేదు. కెమెరాకు ఆ నీళ్లు మామూలు నీళ్లే. కాబట్టి కాలుష్యాన్ని ఫోటో తీసేవాళ్లు నీళ్ల రంగు దగ్గరే ఆగిపోకూడదు. ఆ నీళ్లు తోడుకున్న బావిని, బావి మానేశాక ఇంటి ముందుకొచ్చిన ట్యాంకర్‌ను, ట్యాంకర్ ముందు వరుసగా పెట్టిన బిందెలను, వరి మానేసి ప్లాట్లు చేసిన పొలం గట్టును తీయాలి. ఇవన్నీ కలిస్తేనే ఆ కథ కంటికి కనిపిస్తుంది.

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి కర్మాగారంలో జరిగిన పేలుడులో యాభై మందికి పైగా చనిపోయారు. ఎంతోమందిని డీఎన్‌ఏ పరీక్షలతోనే గుర్తించాల్సి వచ్చింది. కొందరి ఆచూకీ ఇక దొరకదని ప్రకటించారు. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి, మన తెలుగు జిల్లాల నుంచి పనికొచ్చినవాళ్లు వీళ్లంతా. ఈ పారిశ్రామికవాడ కార్మికుల ముఖాలు దేశం చూసింది ఆ వారంలోనే, అదీ ఆధార్ కార్డు ఫోటోలుగా, పెళ్లి ఫోటోల్లోంచి కత్తిరించిన ముక్కలుగా. వాళ్లు బతికున్న రోజుల్లో ఇస్నాపూర్ గల్లీలో కూరగాయలు బేరమాడుతున్న ఫోటో, ఆదివారం పూట రూము ముందు బట్టలు ఉతుక్కుంటున్న ఫోటో, ఊరికి ఫోన్ చేస్తూ మెట్ల మీద కూర్చున్న ఫోటో మన జిల్లా చరిత్రలో ఎక్కడా లేవు. దీన్ని నేను చిన్న లోపంగా చూడలేను. ఒక ప్రాంతాన్ని కట్టిన మనుషులు చనిపోయాకే చిత్రంలోకి వస్తున్నారు.

పత్రికల కెమెరా కొంత పని చేసింది. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక, మిగతా పత్రికలూ అదే దారి పట్టాక, మండల విలేకరి చేతికి కెమెరా వచ్చింది. గుంతల రోడ్డు, ఎండిన చెరువు, అంగడి, జాతర, ధర్నా, బడి గోడ కూలడం, ఇలా ముప్పై ఏళ్ల పైగా ఈ నేల మీద జరిగింది వాళ్లే తీశారు. జీతం కాని జీతంతో, సొంత బండి పెట్రోలుతో చేసిన పని అది. అచ్చయిన ఫోటో మసకగా పత్రికలో మిగిలింది. అచ్చుకాని పది ఫోటోలు విలేకరి ఇంట్లో సీడీల్లో, చెడిపోయిన హార్డ్ డిస్కుల్లో ఉన్నాయి. ఒక్కో మండలంలో పాత విలేకరులను కూర్చోబెట్టి ఆ సీడీలు తెరిపిస్తే ఎంత బయటపడుతుందో ఎవరూ లెక్క వేయలేదు.

అయితే ఈ ప్రాంతపు అసలు భాండాగారం పత్రిక కాదు, ఫోటో స్టూడియో. ఈ మాట మీద నేను గట్టిగా నిలబడతాను.

సంగారెడ్డి, సదాశివపేట, పటాన్‌చెరు, జహీరాబాద్, ఏ బజారులో చూసినా బస్టాండు దగ్గర ఒక పాత స్టూడియో ఉంటుంది. కంపెనీలో చేరినవాడు గేట్ పాస్ కోసం మొదట అడుగుపెట్టింది అక్కడే. మొదటి జీతం రాగానే కొత్త చొక్కా వేసుకుని, కశ్మీర్ కొండల తెర ముందు నిలబడి ఊరికి పంపడానికి ఫోటో దిగిందీ అక్కడే. రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, పెన్షన్, పదో తరగతి హాల్ టికెట్, చివరికి చనిపోయినవారికి దండ వేసే పెద్ద ఫోటో, అన్నీ అదే గది గుండా వెళ్లాయి. పెళ్లి ఫోటోలైతే ఇంకా విలువైనవి. ఫోటోగ్రాఫర్ పెళ్లికూతురినే చూశాడు, కానీ ఆమె వెనక వీధి కూడా పడింది. ఊరేగింపు ఫోటోలో బంగళా పెంకుల ఇల్లు, దర్వాజా మీద చెక్కడం, రోడ్డు పక్క చేదబావి, గోడ మీద ఎన్నికల రాతలు, అప్పటి దుకాణం బోర్డు. 1985లో రామచంద్రాపురం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ప్రభుత్వ కార్యాలయం కంటే అప్పటి పెళ్లి ఆల్బమ్ ఎక్కువ చెబుతుంది.

ఈ భాండాగారం కళ్లముందే కరిగిపోతోంది. నలుపు తెలుపు నెగెటివ్‌లలో వెండి ఉంటుంది కనుక చాలా స్టూడియోలు వాటిని వెండి తీసేవాళ్లకు తూకానికి అమ్మేశాయి. మిగిలిన ఫిల్ము వేడికి, చెమ్మకు పులిసిపోతుంది. డబ్బా తెరవగానే వెనిగర్ వాసన కొడితే ఆ ఫిల్ము ఇక ఎక్కువ కాలం నిలవదు. డిజిటల్ వచ్చాక పరిస్థితి మెరుగుపడలేదు. ఆల్బమ్ ఇచ్చేశాక ఫైళ్లు ఉంచుకోవడం దండగని తుడిచేస్తున్నారు. పాత స్టూడియో యజమానులకు ఇప్పుడు డెబ్బై ఏళ్లు దాటుతున్నాయి. కొడుకులు మొబైల్ షాపులు పెట్టుకున్నారు. షట్టర్ అమ్మే రోజున వెనక గదిలోని పెట్టెలు చెత్త బండి ఎక్కుతాయి. ఈ పెట్టెలను కాపాడటం కొత్త ఫోటోలు తీయడం కంటే ముందు జరగాలి. కొత్త ఫోటో రేపైనా తీసుకోవచ్చు, పోయిన నెగెటివ్‌ను తిరిగి తేలేం.

బయటి దేశాల అనుభవం ఏమంటోంది? స్కాట్‌లాండ్‌లోని గ్లాస్గో నగరం పరిశ్రమలతో ఉబ్బిపోయి, ఇరుకు గల్లీలు రోగాలకు నెలవైనప్పుడు, 1866 చట్టంతో ఒక నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడింది. పాత వాడలను కూల్చడం దాని పని. కూల్చే ముందు ఆ ట్రస్టే థామస్ అనన్ అనే ఫోటోగ్రాఫర్‌ను పిలిచి, 1868 నుంచి 1871 వరకు ఆ గల్లీలను తీయించింది. వెలుతురు తక్కువ, పలకకు చాలాసేపు కాంతి కావాలి. అందుకే కదిలిన పిల్లలు మసక నీడల్లా పడ్డారు, తాళ్ల మీద ఆరేసిన బట్టలు తెల్లటి పొగలా కనిపిస్తాయి. పేదల బతుకు మీద ఆయన ప్రత్యేకంగా వ్యాఖ్యానం చేయలేదు. ఇచ్చిన పని శ్రద్ధగా చేశాడు. ఆ వీధులు పోయాయి, ఫోటోలు నిలిచాయి. ఇందులో నన్ను పట్టి నిలిపింది కళ కాదు. కూల్చేవాడే ముందు ఫోటో తీయించాలన్న పద్ధతి.

మన దగ్గర ఇది అసాధ్యమేమీ కాదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు నష్టపరిహారం లెక్కల కోసం అధికారులు సాధారణంగా కట్టడాలను కొలిచి, ఫోటో తీసి, యజమాని పేరుతో ఫైలులో పెడతారు. ఎర్ర రంగు గుర్తు వేసిన గోడలు, మడిగెలు, ఇళ్లు ఆ ఫైళ్లలో ఉంటాయి. పరిహారం చెల్లించాక ఆ ఫైలు బీరువాలోకి పోతుంది, కొన్నేళ్లకు చెదలపాలవుతుంది. వాటిని వ్యక్తిగత వివరాలు తీసేసి జిల్లా గ్రంథాలయానికి అప్పగించాలన్న ఒక్క ఉత్తర్వు చాలు. కొత్త ఖర్చు లేకుండా మన వీధులకు ఒక పెద్ద ఆల్బమ్ వస్తుంది.

మన సొంత అనుభవంలోనూ మంచి నమూనాలున్నాయి. 1961 జనాభా లెక్కలప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎంపిక చేసిన గ్రామాల మీద విడివిడిగా పుస్తకాలు వేశారు. ఇళ్ల నమూనాలు, పనిముట్లు, నగలు, పండుగలు, ఫోటోలు అందులో ఉన్నాయి. ఆ స్థాయి ఓపిక తర్వాత మళ్లీ కనిపించలేదు. వరంగల్‌కు చెందిన గుడిమళ్ల భరత్ భూషణ్ 2022లో చనిపోయేదాకా తెలంగాణ పల్లె ఇంటి తలుపులను, గోడలను, బతుకమ్మను, ముసలమ్మల ముఖాలను తీస్తూనే ఉన్నాడు. తెలంగాణ ఇల్లు ఎలా ఉంటుందో రాష్ట్రం వచ్చాక తలుచుకోవడానికి ఆయన ఫోటోలు కావాల్సి వచ్చాయి. ఆయన చూపు మాత్రం పల్లె మీదే నిలిచింది. కంపెనీ రేకుల షెడ్ల వీధికి అలాంటి చూపు ఇంకా దొరకలేదు.

ఈ జిల్లాకే గర్వకారణమైన ఉదాహరణ జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళా రైతులు, చాలామందికి చదువు రాకపోయినా, వీడియో కెమెరా నేర్చుకున్నారు. బీటీ పత్తి మీద వాళ్లు తీసిన చిత్రం ప్రపంచమంతా తిరిగింది. 2008లో మాచనూరులో సంఘం రేడియో నడపడం మొదలుపెట్టారు. వాళ్ల చిత్రాలు చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. బయటినుంచి వచ్చినవాడు పొలంలో పంటను చూస్తాడు. వాళ్లు ఆ పొలంలో ఎన్ని రకాల గింజలు కలిపి వేశారో చూస్తారు, ఎందుకంటే వేసింది వాళ్లే. పాశమైలారం గల్లీ ఫోటో కూడా అక్కడ అద్దెకుండే అమ్మాయి, షిఫ్టు దిగిన ఆపరేటర్, రూములు కిరాయికిచ్చే పెద్దమ్మ తీస్తేనే ఆ గల్లీ లోపలి లెక్క తెలుస్తుంది.

ఇక పని పద్ధతి. మంచి కెమెరా అవసరం లేదు, ఇప్పటి ఫోనే చాలు. చౌరస్తా నాలుగు దిక్కులకూ నిలువుగా కాకుండా అడ్డంగా, మనిషి కంటి ఎత్తులో ఒక్కో ఫోటో తీయాలి. దుకాణం బోర్డులు చదవగలిగేలా ఉండాలి. ఫోన్‌లో తేదీ, చోటు నమోదయ్యే ఏర్పాటు తెరిచి ఉంచాలి. ఏటా ఒకే నెలలో, ఒకే చోట నిలబడి మళ్లీ తీయాలి. అందమైన వెలుతురు కోసం పొద్దుపొడుపునే వెళ్లే అలవాటును ఈ పనిలో పక్కన పెట్టమంటాను. షిఫ్టు మారే వేళకు వెళ్లాలి, వీధి తన పనిలో ఉండేది అప్పుడే. ప్రతి ఫోటో కింద ఊరివాళ్లు ఆ చోటును ఏమని పిలుస్తారో రాయాలి. ప్రభుత్వ పటంలో ఫేజ్ నంబరు ఉంటుంది, జనం నోట మూతపడ్డ ఏదో కంపెనీ పేరుతో స్టాపు ఉంటుంది. ఆ కంపెనీ ఒకప్పుడు ఉండేదన్న ఆనవాలు కొన్నిచోట్ల ఆ స్టాపు పేరు ఒక్కటే.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. రోడ్డు మీద నిలబడి కట్టడాల ఫోటో తీయడానికి 1957 కాపీరైట్ చట్టం అడ్డు చెప్పదు. ఎద్దుమైలారం లాంటి రక్షణ కర్మాగారాల దగ్గర మాత్రం 1923 అధికార రహస్యాల చట్టం వర్తిస్తుంది, అక్కడ కెమెరా ఎత్తకూడదు. ప్రైవేటు కంపెనీ లోపలికి అనుమతి లేకుండా వెళ్లకూడదు. పాత స్టూడియో ఫోటోల హక్కులు డబ్బిచ్చి తీయించుకున్నవారివో, తీసినవారివో, వారి వారసులవో కావచ్చు. అందుకని పెట్టెలు తీసుకునేటప్పుడే రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకుంటే తర్వాత తగాదా తగ్గుతుంది. వీటన్నిటికంటే సున్నితమైనది మనుషుల సమ్మతి. గేటు ముందు కార్మికుడి ఫోటో బయటికొస్తే అతని పని పోవచ్చు. కాంట్రాక్టు కింద ఉన్నవాడికి ఆ భయం నిజమైనది. అడిగి తీయాలి, వద్దంటే మానాలి. తీసిన ఫోటో అచ్చు వేయించి అతని చేతికివ్వాలి. ముఖం కనిపించే ఫోటోలను కొన్నేళ్ల దాకా బయటపెట్టకుండా దాచే ఏర్పాటు కూడా అవసరం.

దాచడం ఎక్కడ? ఫేస్‌బుక్ పేజీలు, వాట్సాప్ గ్రూపులు ఫోటోను పంచడానికి పనికొస్తాయి, దాచడానికి పనికిరావు. పంపే ప్రతిసారీ ఫోటో చిక్కిపోతుంది, తేదీ ఊడిపోతుంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఊళ్లకు పేజీలున్నాయి. హక్కుల ఇబ్బంది లేని ఫోటోలను వికీమీడియా కామన్స్‌లో పెడితే ఎవరైనా చూడగలరు. దాంతోపాటు ఊళ్లోనే ఒక అచ్చు ప్రతి ఉండాలి. కరెంటు లేకున్నా తెరుచుకునేది అదొక్కటే. సంగారెడ్డి జిల్లా గ్రంథాలయం ఉంది, కొండాపూర్ మ్యూజియం ఉంది, పాత జైలు గదులున్నాయి. వీటిలో ఒక గదిని ఈ ప్రాంతపు వీధుల ఫోటోలకు కేటాయిస్తే, స్టూడియో యజమానులకు, విలేకరులకు, కార్మిక సంఘాలకు తమ పెట్టెలు తెచ్చి ఇవ్వడానికి ఒక చిరునామా దొరుకుతుంది.

కొత్త ఫోటోలు తీసే పని ఎక్కడ మొదలుపెట్టాలన్నది కూడా తేలిపోయింది. మదీనాగూడ నుంచి సంగారెడ్డి చౌరస్తా దాకా 65వ నంబరు జాతీయ రహదారిని ఆరు వరుసలుగా వెడల్పు చేసే పనికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. ఇరవై తొమ్మిది కిలోమీటర్ల ఈ రోడ్డు రామచంద్రాపురం, పటాన్‌చెరు, ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది మీదుగా పోతుంది. రుద్రారం గణేశ్ గడ్డ దగ్గర ఆగే బండ్లు, ఇస్నాపూర్ చౌరస్తాలో పంక్చర్ షాపులు, ధాబాలు, పటాన్‌చెరు బస్టాండు ఎదుటి హోటళ్లు, రోడ్డు పక్క మర్రిచెట్లలో ఇంకా మిగిలినవి, వీటిలో ఏవి ఉంటాయో ఏవి పోతాయో యంత్రాలు తేలుస్తున్నాయి. రెండు పక్కలా, వంద మీటర్లకొకటి చొప్పున, తేదీతో, దుకాణదారు పేరుతో, ఎన్నేళ్లుగా అక్కడున్నాడో ఒక్క వాక్యంతో ఫోటో తీయడానికి పెద్ద బృందం అక్కర్లేదు. పటాన్‌చెరు, సంగారెడ్డి డిగ్రీ కాలేజీల చరిత్ర విద్యార్థులు తలా ఒక కిలోమీటరు పంచుకుంటే ఒక సెమిస్టర్‌లో పూర్తవుతుంది.